నౌక ఎక్కే రోజు: సామాను ఒకరు మోయవచ్చు, సమాచారం అందరూ మోయాలి

ప్రయాణం చేసే మనిషికి రెండు సంగతులు నిశ్చయంగా తెలిసి ఉండాలి. తాను చేరవలసిన చోటు ఏది? తన వెంట ఉన్నది ఏమిటి? రైలు ప్రయాణంలోనూ, బస్సు ప్రయాణంలోనూ ఈ విషయాలలో కొంత అజాగ్రత్త ఉన్నా ఎలాగో గడిచిపోతుంది. ఒక రైలు తప్పితే మరొక రైలు ఉంటుంది. సముద్ర నౌక విషయం అలా కాదు. అది ఎవరి కోసమూ ఆగదు. ఆలస్యంగా వచ్చినవారికి టికెట్టు సొమ్ము సాధారణంగా తిరిగి రాదు కూడా.

హైదరాబాదు, విశాఖపట్నం, చెన్నై నగరాల నుండి సింగపూరుకు నేరుగా విమానాలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు మూడు నాలుగు రోజుల నౌకావిహారానికి, అంటే క్రూజ్‌కు వెళ్ళడం ఇప్పుడు వింత కాదు. ఇటువంటి ప్రయాణాలలో మన ఇళ్ళలో ఒక అలవాటు కనిపిస్తుంది. పాస్‌పోర్టులు, టికెట్లు, డబ్బు, ఓడ పేరు, రేవు పేరు అన్నీ ఒక్కరి దగ్గరే ఉంటాయి. ఆ ఒక్కరు సాధారణంగా పెద్ద కొడుకో, అల్లుడో అయి ఉంటాడు. తల్లిదండ్రులు, భార్య, పిల్లలు అతని వెనుక నడుస్తారు. అతని ఫోను ఆగిపోయినా, రద్దీలో అతడు కనుమరుగైనా మిగిలినవారికి తాము ఎక్కవలసిన ఓడ ఏదో కూడా తెలియదు. నౌక ఎక్కే రోజున కలిగే కంగారుకు చాలావరకు మూలం ఇక్కడే ఉంది.

ఏ రేవు? ఏ నౌక?

సింగపూరులో పెద్ద విహార నౌకలు ఆగే చోట్లు రెండు. ఒకటి మరీనా బే క్రూజ్ సెంటర్. ఇది నగరపు దక్షిణపు అంచున, మరీనా కోస్టల్ డ్రైవ్ అనే రహదారిలో ఉంది. 2012లో ప్రారంభమైంది. రెండవది హార్బర్‌ఫ్రంట్ అనే ప్రాంతంలో, సెంటోసా దీవికి ఎదురుగా ఉంది. దాని పేరు సింగపూర్ క్రూజ్ సెంటర్. ఈ పేరు విన్నవారు ఆ నగరానికి ఉన్న ఏకైక రేవు అదేననుకోవడం సహజం. కానీ సెంటోసాకు వెళ్ళే కేబుల్ కార్ తీగలు అక్కడి నీటిమార్గం మీదుగా సాగుతాయి. అందువలన సుమారు 52 మీటర్లకు మించి ఎత్తుగల నౌకలు ఆ రేవులోకి రాలేవు. నేటి భారీ నౌకలు మరీనా బేకు రావడానికి ఇదొక ముఖ్యకారణం.

ఇవి గాక, నగరానికి తూర్పున తనా మెరా అనే చోట మరొక రేవు ఉంది. ఇండోనేషియాలోని బింతన్ దీవికి వెళ్ళే చిన్న ఫెర్రీలు అక్కడి నుండి బయలుదేరుతాయి. హార్బర్‌ఫ్రంట్ నుండి కూడా బాతమ్ వంటి దీవులకు ఫెర్రీలు నడుస్తాయి. కనుక టాక్సీ డ్రైవరుతో “ఓడరేవుకు పోనివ్వండి” అంటే సరిపోదు. “మరీనా బే” అన్నా చాలదు. ఆ పేరుతో ప్రసిద్ధమైన హోటలు ఉంది, మెట్రో స్టేషను కూడా ఉంది. మరీనా బే క్రూజ్ సెంటర్‌కు దగ్గరి మెట్రో స్టేషను దాని తరువాతిది. దాని పేరు మరీనా సౌత్ పియర్. టికెట్టు మీద ఉన్న రేవు పేరును, చిరునామాను యథాతథంగా కాగితం మీద వ్రాసి డ్రైవరుకు చూపించడం ఉత్తమం. ఆరుగురు మనుషులు, ఆరు పెట్టెలు ఒక సాధారణ టాక్సీలో పట్టవు. పెద్ద వాహనాన్ని ముందురోజే మాట్లాడుకోవాలి.

సరైన రేవుకు చేరినంత మాత్రాన సరైన నౌకకు చేరినట్లు కాదు. మరీనా బేలో ఒకేసారి రెండు నౌకలు నిలవగలవు. ఒకే రోజున రెండు నౌకల ప్రయాణీకులు అక్కడికి రావచ్చు. వరుసలో నిలబడే ముందు, ముఖ్యంగా పెట్టెలు అప్పగించే ముందు, పైనున్న బోర్డు మీద మీ నౌక పేరు ఉన్నదో లేదో చదవండి. అక్కడి ఉద్యోగిని ఒకసారి అడగండి. అడగడంలో చిన్నతనం లేదు.

సమయం విషయంలోనూ జాగ్రత్త అవసరం. సింగపూరు గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం నాలుగైతే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. చేతి గడియారం మార్చుకోని తాతగారు “ఇంకా చాలా సమయం ఉంది” అనుకోవచ్చు. టికెట్టు మీద ఉండే బయలుదేరు వేళ వేరు, నమోదు ముగిసే వేళ వేరు. నమోదు సాధారణంగా ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే ముగుస్తుంది. మన కుటుంబానికి వర్తించేది ఈ రెండవ వేళ. విమానం ఆలస్యమైతే దానికి నౌక బాధ్యత వహించదు. కాబట్టి ఒకరోజు ముందుగానే సింగపూరు చేరి రాత్రి విశ్రమించడం క్షేమకరం.

పేరు, పాస్‌పోర్టు, వీసా

మన కుటుంబాలలో పేర్ల సమస్య ప్రత్యేకమైనది. బడి రికార్డులో ‘ఎస్.కె.’, ఆధార్‌లో ‘షేక్’, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ‘ఎం.డి.’, ‘మహమ్మద్’ విషయంలోనూ ఇదే పరిస్థితి. టికెట్టు మీద ఉండవలసినది పాస్‌పోర్టులో ఉన్న పేరే, ఒక్క అక్షరం తేడా లేకుండా. టికెట్టు కొన్న రోజునే ఒక్కొక్కరి పాస్‌పోర్టును పక్కన పెట్టుకొని సరిచూడండి. రేవులో తెలిసిన తప్పును రేవులో దిద్దుకోవడం కష్టం.

భారతీయులకు సింగపూరు వీసా అవసరం. నౌక ఎక్కి పొరుగు దేశపు రేవుకు వెళ్ళడమంటే సింగపూరును విడిచి వెళ్ళినట్లే. మళ్ళీ దిగేటప్పుడు కొత్తగా ప్రవేశించినట్లే. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే ఇచ్చిన వీసాతో నౌక ఎక్కితే తిరిగి రావడం చిక్కవుతుంది. కనుక వీసా అనేక ప్రవేశాలకు చెల్లుతుందో లేదో ముందే చూడాలి. నౌక ఆగే దేశాల నిబంధనలను కూడా టికెట్టు కొన్నప్పుడే కనుక్కోవాలి. సింగపూరులో ప్రవేశించే ప్రతిసారీ ఆన్‌లైన్‌లో నింపవలసిన ‘అరైవల్ కార్డు’ను తిరుగు ప్రయాణంలో కూడా నింపాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో ఇది పూర్తిగా ఉచితం. దీనికి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఇంటిలో గర్భవతి ఉంటే మరొక నిబంధన చూసుకోవాలి. ప్రయాణం ముగిసే నాటికి ఇరవై నాలుగవ వారంలో ప్రవేశించే స్త్రీలను చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. ఆరు నెలలు నిండని శిశువులను కూడా సాధారణంగా అనుమతించరు. రేవు దాకా వెళ్ళి తల్లీబిడ్డలు వెనుదిరగవలసి వస్తే అంతకు మించిన బాధ ఉండదు.

అప్పగించే సామాను

రేవులో పెద్ద పెట్టెలను సిబ్బంది తీసుకొంటారు. యంత్రంలో పరీక్షించి, నౌకలోకి చేర్చి, మీ గది వద్దకు తెచ్చి పెడతారు. ఈ పని ముగిసేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. వేల సంఖ్యలో ఉన్న పెట్టెలలో మీ పెట్టెను మీ గదికి చేర్చేది దానికి కట్టిన ట్యాగు మాత్రమే. దాని మీద నౌక పేరు, తేదీ, ప్రయాణీకుని పేరు, గది సంఖ్య ఉంటాయి. ఇక్కడ గది సంఖ్యే ప్రాణం. ఒకే నౌకలో ‘షేక్’ అనే పేరుతో ఎన్ని కుటుంబాలు ఉంటాయో ఊహించండి.

ట్యాగును గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పిడికి కట్టండి. విమానం వారు అంటించిన పాత చీటీలు తీసివేయండి. పెట్టె లోపల కూడా పేరు, ఫోను నంబరు, నౌక పేరు, గది సంఖ్య వ్రాసిన కాగితం ఉంచండి. పైచీటీ చిరిగినా లోపలి చీటీ దారి చూపుతుంది. ఒకే రంగు నల్ల పెట్టెలు పదులకొద్దీ ఉంటాయి కనుక పిడికి ఎర్రటి గుడ్డముక్క కట్టడం మన పెద్దల పాత పద్ధతి. అది నేటికీ పనికివస్తుంది. పెట్టెలు అప్పగించే ముందు లెక్కపెట్టి, ఒక్కొక్కదానికి ఫోటో తీసుకోండి.

చేతి సంచిలో ఉండవలసినవి

పెట్టె సాయంత్రానికి గాని రాదనుకొని సంచి సర్దుకోవాలి. పాస్‌పోర్టులు, టికెట్లు, డబ్బు, నగలు, ఫోన్లు, ఛార్జర్లు అందులోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం మందులు. మధుమేహం ఉన్న అమ్మ ఇన్సులిన్, రక్తపోటు ఉన్న నాన్న మాత్రలు పెద్ద పెట్టెలో సర్ది అప్పగించామనుకోండి. మధ్యాహ్నపు మోతాదు వేళకు ఆ పెట్టె ఓడ అడుగు అంతస్తులో ఎక్కడో వందల పెట్టెల మధ్య ఉంటుంది. ఎవరూ దానిని వెదికి తేలేరు. మందులతో పాటు వైద్యుని చీటీని కూడా ఉంచండి. కొన్ని రకాల నొప్పి మాత్రలకు, నిద్రమాత్రలకు సింగపూరులో ముందస్తు అనుమతి కావాలి. పసిబిడ్డల పాలపొడి, ఒక జత బట్టలు, వృద్ధుల కళ్ళజోడు కూడా చేతి సంచిలోనే పెట్టాలి.

వెంట తీసుకుపోకూడనివి

మన స్త్రీలు ఎంతో ప్రేమతో సర్దే సామానులో కొన్ని నౌకలోకి చేరవు. ఇస్త్రీ పెట్టె, విద్యుత్ కెటిల్, రైస్ కుక్కర్, కొవ్వొత్తులు, అగరుబత్తులు, సాంబ్రాణి ధూపం కోసం బొగ్గులు వంటి వాటిని నౌకలలో నిషేధిస్తారు. నడిసముద్రంలో నిప్పును మించిన శత్రువు లేదు. కూరగాయల కత్తిని కూడా ఆపుతారు. ఇంటి వంటను చాలా కంపెనీలు అనుమతించవు. నిషిద్ధ వస్తువు కనిపించిన పెట్టె గదికి రాదు. యజమాని వెళ్ళి తెరిచి చూపేదాకా భద్రతా విభాగంలోనే ఉంటుంది.

సింగపూరు చట్టాలు మరింత కఠినమైనవి. అక్కడికి చూయింగ్ గమ్ తీసుకుపోవడం 1992 నుండి నిషిద్ధం. గుట్కా, ఖైనీ వంటి నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు కూడా నిషిద్ధమే. మన వంటింటి మసాలాలో ఉండే గసగసాలను కూడా అక్కడి మాదకద్రవ్యాల శాఖ నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉంచింది. బిర్యానీ మసాలా పొట్లం కట్టే ముందు ఈ మాట గుర్తుంచుకోండి. ఎవరైనా “మా బంధువులకు ఇవ్వండి” అని మూసిన పొట్లం ఇస్తే, విప్పి చూడకుండా తీసుకోకండి. మీ పెట్టెలో ఉన్న ప్రతి వస్తువుకూ జవాబుదారీ మీరే.

నౌకలో అడుగుపెట్టిన తరువాత

మొదటి పని అన్నశాలకు పరుగెత్తడం కాదు. ప్రమాదవేళ ఎక్కడ గుమికూడాలో తెలుసుకొనే అభ్యాసం ఉంటుంది. గది కార్డు మీద ఆ చోటి సంఖ్య ముద్రించి ఉంటుంది. దీనిని తేలికగా తీసుకోకూడదు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక రాతిగుట్టను ఢీకొని ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. ఆనాడు ఎక్కిన ప్రయాణీకులకు అప్పటికి ఆ అభ్యాసం జరుగలేదు. ఆ దుర్ఘటన తరువాత అంతర్జాతీయ నిబంధనను మార్చారు. నౌక కదలక ముందే, లేదా కదిలిన వెంటనే అభ్యాసం జరగాలన్న నియమం 2015 నుండి అమలులో ఉంది. తాతలను, నానమ్మలను గదిలో వదలక వారిని కూడా ఆ చోటికి నడిపించి చూపించండి.

ఇక చివరి రాత్రి పెట్టెలను గది బయట ఉంచమంటారు. మరునాటి ఉదయం తొడుక్కోవలసిన బట్టలను, మందులను, పాస్‌పోర్టులను వాటిలో సర్దివేయకండి.

పనిని పంచుకోండి

బయలుదేరే ముందురోజు రాత్రి కుటుంబమంతా కూర్చొని పావుగంట మాట్లాడుకొంటే చాలు. ఒకరు పాస్‌పోర్టులు, ఒకరు మందులు, ఒకరు పెట్టెల లెక్క, పెద్ద పిల్లవాడు చిన్నవాడి చేయి. ప్రతి ఒక్కరి జేబులో ఒక చీటీ ఉండాలి. దాని మీద నౌక పేరు, రేవు పేరు, నమోదు ముగిసే వేళ, గది సంఖ్య, ఇద్దరి ఫోను నంబర్లు వ్రాయాలి. ఇంగ్లీషు చదవలేని అమ్మ కోసం తెలుగులోనో, ఉర్దూలోనో కూడా వ్రాయండి. ఇంగ్లీషు అక్షరాలు అక్కడి ఉద్యోగికి చూపడానికి, తెలుగు అక్షరాలు ఆమె ధైర్యానికి. ఒకవేళ ఆ రద్దీలో ఆమె వెనుకబడినా, ఆ చీటీ చూపి తన ఓడను తానే అడిగి తెలుసుకోగలుగుతుంది.