కోషర్ కోడి మాంసం: రకాలు, ముక్కలు, వాటి వెనుక ఉన్న నియమాలు

యూదుల ఆహార నియమావళిని కష్రుత్ అంటారు. ఆ నియమావళికి లోబడి సిద్ధమైన ఆహారమే కోషర్. అమెరికా, ఇజ్రాయెల్ విపణులలో కోషర్ కోడి మాంసం పూర్తి కోడిగా, నాలుగు భాగాలుగా, ఎముక తీసిన ముక్కలుగా, ఘనీభవింపజేసిన పొట్లాలుగా లభిస్తుంది. ఈ పేరు మొదటిసారి విన్నవారు కోషర్ అనేది కోడిలో ఒక ప్రత్యేక భాగానికో, ఒక ప్రత్యేక జాతికో పెట్టిన పేరని భావించడం సహజం. నిజానికి మన ఫారాలలో పెరిగే సాధారణ బ్రాయిలరే అక్కడ కూడా కోషర్ మాంసంగా మారుతుంది. తేడా జాతిలో లేదు, ముక్కలో లేదు. పక్షి ఆరోగ్యంలోను, వధ విధానంలోను, ఆ తరువాతి శుద్ధిలోను ఉంది.

మన దేశంలో కొచ్చి, కొంకణ తీరం, కోల్‌కతా ప్రాంతాలలో యూదు సమాజాలు చాలాకాలంగా ఉన్నాయి. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు సమీపాన ఉన్న కొత్తరెడ్డిపాలెంలో, తమది యూదు సంతతి అని విశ్వసించే తెలుగు కుటుంబాలు బెనె ఎఫ్రాయిమ్ అనే పేరుతో జీవిస్తున్నాయి. అయితే ఈ విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవడానికి అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. కోషర్ తనిఖీలో తిరస్కరణకు గురయ్యే కోళ్ళలో అనేకం వధశాలలో చెడిపోయినవి కావు, ఫారంలోనే చెడిపోయినవి.

పశుమాంసానికి, కోడి మాంసానికి గల భేదం

పశువుల విషయంలో నియమం ముక్కను బట్టి మారుతుంది. తుంటి నరం, కొన్ని అంతర్గత కొవ్వులు నిషిద్ధం కావడం వల్ల, వాటిని తొలగించడం ఎంతో శ్రమతో కూడినది కావడం వల్ల, అనేక దేశాలలో పశువు వెనుక భాగాన్ని కోషర్ విపణిలో అమ్మనే అమ్మరు. పక్షులకు ఈ రెండు నిషేధాలూ వర్తించవు. కాబట్టి కోడిలో ఛాతీ, తొడ, కాలు, రెక్క, మెడ, చర్మం, కొవ్వు అన్నీ ఆమోదయోగ్యమే. కోడి కొవ్వును కరిగించి తీసిన ష్మాల్ట్స్ తూర్పు ఐరోపా యూదుల వంటలో మనకు నెయ్యి వంటిది. మాంసాన్ని పాల పదార్థాలతో కలపరాదన్న నియమాన్ని ధర్మవేత్తలు కోడికి కూడా విస్తరింపజేశారు. అందుచేత వెన్నకు బదులుగా ఈ కొవ్వు వాడుకలోకి వచ్చింది.

జంతువులకు చీలిన డెక్కలు, నెమరు వేయడం అనే లక్షణాలను చెప్పిన లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం పక్షులకు మాత్రం లక్షణాలు చెప్పక, నిషిద్ధ పక్షుల పట్టికను మాత్రమే ఇచ్చాయి. ఆ పట్టికలోని కొన్ని పేర్లు ఏ పక్షులవో కాలక్రమంలో సందేహాస్పదం కావడంతో, పరంపరగా తింటూ వచ్చిన పక్షులనే స్వీకరించడం ఆచారమైంది. కోడి, బాతు అలా నిలిచాయి. అమెరికా ఖండం నుంచి వచ్చిన టర్కీ కోడిపై చర్చ జరిగినా, అత్యధికులు దానిని అంగీకరించారు.

వధ, ఈకల తొలగింపు

వధను షెహితా అని, శిక్షణ పొందిన వధకుని షోహెత్ అని అంటారు. కత్తి అంచున గోటికి తగిలేంత నొక్కు కూడా ఉండరాదు. వధకు ముందు, తరువాత దానిని వేలితోను, గోటితోను పరీక్షిస్తారు. కోత మధ్యలో ఆగరాదు, కత్తిని అదిమి కోయరాదు, కత్తి చర్మం కింద దాగరాదు, నిర్ణీత స్థానం తప్పరాదు, నాళం చినిగి ఊడిరాకూడదు. పశువులో అన్నవాహిక, శ్వాసనాళం రెండింటిలోను అధిక భాగం తెగాలి. పక్షిలో రెండింటినీ కోయడమే పద్ధతి అయినా, ఒక్కదాని అధిక భాగం తెగినా వధ చెల్లుతుంది. వధకు ముందు విద్యుత్తుతో స్పృహ తప్పించడాన్ని అనుమతించరు. పక్షి రక్తాన్ని మట్టితోనో, రంపపు పొట్టుతోనో కప్పడం కూడా విధి.

సాధారణ వధశాలలో ఈకలు వదులు కావడానికి కోడిని 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ముంచుతారు. రక్తం తొలగకముందే వేడి తగిలితే అది మాంసంలో ఇంకిపోతుందన్న నియమం కారణంగా కోషర్ విధానంలో చల్లని నీటినే వాడుతారు. చల్లదనానికి ఈక కుదురు బిగుసుకుంటుంది. యంత్రానికి ఈక సులభంగా లొంగదు. కోషర్ కోడి చర్మంపై, ముఖ్యంగా రెక్కల చివర, చిన్న ఈకమొలకలు మిగిలి కనిపించడానికి కారణం ఇదే. దానిని అశ్రద్ధగా భావించడం సరికాదు.

ఉప్పు పట్టించడం

రక్తభక్షణ నిషేధమే కోషర్ శుద్ధికి మూలం. కోడిని మొదట అరగంట చల్లని నీటిలో నానబెట్టి, నీరు వార్చి, లోపలా బయటా గరుకు ఉప్పు దట్టించి, ద్రవం కిందికి జారేలా వాలుగా ఒక గంట ఉంచి, మూడుసార్లు కడుగుతారు. సన్న ఉప్పు త్వరగా కరిగిపోతుంది కనుక మధ్యస్థంగా గరుకైన ఉప్పునే ఎంచుకుంటారు. విపణిలో కోషర్ ఉప్పు అని పిలిచేది ఈ పనికి వాడే ఉప్పునే. వధ జరిగి 72 గంటలు దాటితే రక్తం గడ్డకట్టి ఉప్పుకు లొంగదని నియమం. ఆ లోగా ఉప్పు పట్టించాలి, లేదా నీటితో తడిపి గడువును పొడిగించుకోవాలి.

మన ఇళ్ళలో ఉప్పు, పసుపు రాసి కోడిని కడగడం దీనిని తలపించినా, రెంటి ఉద్దేశమూ వేరు, వ్యవధి వేరు. మాంస విజ్ఞాన దృష్టితో చూస్తే, ఉప్పు మొదట ఉపరితలం నుంచి ద్రవాన్ని బయటికి లాగుతుంది. తరువాత కొంత లోనికి వ్యాపించి కండర ప్రోటీన్ల నీటి నిలుపుదల శక్తిని పెంచుతుంది. అందువల్ల ఛాతీ మాంసం వండినప్పుడు త్వరగా ఎండిపోదు. ఇందులో నష్టం కూడా లేకపోలేదు: సాధారణ కోడి కంటే సోడియం ఎక్కువ. ఈ మాంసాన్ని మళ్ళీ ఉప్పునీటిలో ఊరవేయడం అనవసరం. కోషర్ అంటే ఆరోగ్యానికి మేలని భావించి రక్తపోటు ఉన్నవారికి సిఫారసు చేయడం పొరపాటు.

ఏ భాగానికి ఏ జాగ్రత్త

నిషిద్ధ ముక్క లేకపోయినా, రక్తం నిలిచే తీరును బట్టి భాగానికొక జాగ్రత్త ఉంటుంది. ఉప్పు పట్టకముందే తలను వేరు చేసి, మెడలోని రక్తనాళాలను తెరుస్తారు లేదా తీసివేస్తారు. గుండెకాయను చీల్చి లోపలి రక్తాన్ని పోనిస్తారు. కాళ్ళ గోళ్ళ కొనలను కత్తిరిస్తారు. కందనకాయను తెరిచి శుభ్రం చేస్తారు. కార్జం మాత్రం వీటన్నిటికీ భిన్నం: అందులో రక్తం అధికం కనుక ఉప్పు చాలదు, గాట్లు పెట్టి, ఉప్పు చల్లి, నిప్పుపై కాల్చిన తరువాతనే మరే వంటకైనా వాడాలి. ముదురు పెట్టను కోసినప్పుడు కడుపులో దొరికే పెట్టని గుడ్ల సొనలకు కూడా ఉప్పు పట్టించి, మాంసంగానే లెక్కిస్తారు.

విపణి పేర్లు దేశాన్ని బట్టి మారుతాయి. అమెరికా కోషర్ దుకాణాలలో తొడతో కూడిన కాలిని బాటమ్ అని, రెక్కతో కూడిన ఛాతీని టాప్ అని అడుగుతారు. ఇజ్రాయెల్‌లో ఛాతీ హజే, పూర్తి కాలు కెరా, కింది కాలు షోక్. పర్గీత్ అనే మాటకు అసలు అర్థం లేత కోడి. నేటి విపణిలో అది ఎముక తీసిన తొడ మాంసం. కొవ్వు కొంత ఎక్కువ కావడంతో నిప్పుపై కాల్చడానికి అది ఛాతీ కంటే మేలైనది. గుండెకాయలు, కార్జాలు కలిపి పెనంపై వేయించే మిశ్రమం యెరూషలేము వీధుల ప్రసిద్ధ వంటకం. గుడ్లు ఆగిపోయిన ముదురు పెట్టలు విశ్రాంతి దినపు రాత్రి చారుకు శ్రేష్ఠమని పేరు. మెడ చర్మాన్ని పిండి, కొవ్వుతో నింపి కుట్టి వండే హెల్జెల్ పొదుపైన గృహిణుల సృష్టి.

ఫారంలోనే నిర్ణయమయ్యే అర్హత

వధ సక్రమంగా జరిగినా, పక్షికి ప్రాణాంతకమని ధర్మశాస్త్రం గుర్తించిన గాయం లేదా లోపం ఉంటే అది ట్రెఫా, అంటే అనర్హం. వధ తరువాత యంత్రం వల్ల కలిగిన గాయం లెక్కలోకి రాదు. బతికి ఉండగా కలిగినదే దోషం. ఈ తనిఖీలో మన పశువైద్య విద్యార్థులకు అత్యంత ఆసక్తికరమైన స్థానం మడమ కీలుకు పైన, స్నాయువులు కలిసే చోటు. పక్షికి అక్కడ 16 స్నాయువులు ఉంటాయని, వాటిలో ఒక్కటి తెగినా పక్షి అనర్హమని తల్మూదులోని హుల్లిన్ గ్రంథభాగం చెబుతుంది. రియోవైరస్ వల్ల వచ్చే స్నాయువాపు, గ్యాస్ట్రోక్నీమియస్ స్నాయువు తెగిపోవడం సరిగ్గా ఈ ప్రాంతానికి చెందిన వ్యాధులు. మైకోప్లాస్మా సైనోవియే, స్టఫైలోకాకస్ సంక్రమణలు కూడా ఇక్కడే వాపును కలిగిస్తాయి. కాబట్టి తల్లి కోళ్ళకు రియోవైరస్ టీకా వేసి పిల్లలకు మాతృ ప్రతిరక్షకాలు అందేలా చూడటం, కోషర్ విపణికి పెంచేవారికి వ్యాధి నివారణతో పాటు అర్హతను నిలబెట్టుకునే మార్గం కూడా.

టీకా వేసే తీరు కూడా ముఖ్యమే. అన్నవాహికకు ఎంత చిన్న రంధ్రం పడినా పక్షి అనర్హం. ఒకరోజు పిల్లలకు మెడ చర్మం కింద మారెక్స్ టీకా వేసేటప్పుడు చర్మాన్ని పైకి లాగి పట్టక, సూదిని లోతుగా దించితే ఈ ప్రమాదం ఉంటుంది. షెడ్డు మరమ్మతు తరువాత లిట్టరులో మిగిలిన మేకులు, తీగముక్కలు కందనకాయను చీల్చడం మరో కారణం.

తొడ ఎముక తుంటి కీలు నుంచి ఊడిపోతే పక్షి అనర్హం. రెక్క శరీరపు కీలు వద్ద ఊడితే ఊపిరితిత్తికి గాయమై ఉండవచ్చన్న అనుమానంతో దానినీ తిరస్కరిస్తారు. కోళ్ళను ఒంటికాలితో పట్టి, గుత్తులుగా వేలాడదీసి బోనులలోకి విసరడం తుంటి కీలు ఊడటానికి ప్రధాన కారణాలలో ఒకటి. రెండు కాళ్ళూ పట్టడం లేదా శరీరాన్ని ఆనించి ఎత్తడం నేర్పితే కోషర్ అవసరం లేని రైతుకు సైతం కమిలిన మాంసం, రవాణా మరణాలు తగ్గుతాయి. నా దృష్టిలో ఈ నియమాల నుంచి మన విస్తరణ కార్యక్రమాలు స్వీకరించదగిన అంశాలలో ఇది మొదటిది.

కోడిని ఒక్కొక్కటిగా పరీక్షించి ఎంచుకునే ఈ ఆచారం ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. బ్రూక్లిన్‌లో కోషర్ కోళ్ళ వ్యాపారం చేసే షెక్టర్ సంస్థపై వచ్చిన అభియోగాలలో, కొనుగోలుదారుకు బోనులోంచి నచ్చిన కోడిని ఎంచుకోనిచ్చారన్నది ఒకటి. 1935లో వెలువడిన తీర్పు ఆ సంస్థకు అనుకూలంగా వచ్చి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టంలోని కీలక భాగాన్నే కొట్టివేసింది.

ముద్రలు, పేర్లు చదవడం

ముక్కలుగా కోసిన తరువాత కోషర్ మాంసాన్ని కంటితో గుర్తించలేము, ముద్రే ఆధారం. పూర్తి కోడి రెక్కకు ప్లుంబా అనే లోహపు బిళ్ళ తగిలిస్తారు. పొట్లాలపై ధ్రువీకరణ సంస్థ గుర్తు ఉంటుంది. ఇజ్రాయెల్‌లో మరింత కఠిన పర్యవేక్షణను మెహద్రిన్ అంటారు. కోడి పొట్లాలపై కనిపించే గ్లాట్ అనే మాట విషయంలో జాగ్రత్త అవసరం. నునుపు అని దాని అర్థం. పశువు ఊపిరితిత్తులపై అతుకులు లేవని తెలిపే పదమది. కోడికి ఆ పరీక్ష వర్తించదు. అక్కడ ఆ మాట పర్యవేక్షణ కఠినమైనదన్న సూచన మాత్రమే. అలాగే కోషర్ ముద్ర సేంద్రియ పెంపకానికి గాని, యాంటీబయాటిక్ రహిత దాణాకు గాని హామీ ఇవ్వదు. అవి కావాలంటే వేరే ధ్రువీకరణ చూడవలసిందే. కార్జం పొట్లం కొన్నప్పుడు మాత్రం ముద్రతో ఆగక, అది ముందే కాల్చినదా, ఇంట్లో కాల్చుకోవలసినదా అన్న సూచనను కూడా చదవాలి.