కాఫీ పడకపోతే తలపోటు... పిచ్చి కాదు సుమా!

ఉపవాసమని పొద్దున్నే కాఫీ కూడా ముట్టరు కొందరు. మధ్యాహ్నానికల్లా కణతలు పోటెత్తుతాయి. చిరాకు, ఆవులింతలు, ఏ పనిమీదా మనసు నిలవదు. 'నీకు కాఫీ పిచ్చి మరీ ఎక్కువైంది' అని ఇంట్లోవాళ్లు నవ్వేస్తారు. కానీ ఇది పిచ్చీ కాదు, నాటకమూ కాదు. నరాల కణాల్లో, రక్తనాళాల గోడల్లో నిజంగానే జరిగే మార్పు. దానికి కారణం అడినోసిన్ అనే పదార్థం.

పుట్టింట్లో ఒకలా, అత్తింట్లో ఒకలా

మన కణాలు ఏటీపీ అనే ఇంధనంతో పనిచేస్తాయి. అది ఖర్చయ్యేకొద్దీ అడినోసిన్ మిగులుతుంది. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో పేరుకుంటూ పోతుంది. కణాల పైపొర మీద దీనికోసమే సీట్లు ఉంటాయి. వాటిని రిసెప్టర్లు అంటారు. ఇవి నాలుగు రకాలు. మన కథకు రెండు చాలు.

ఏ1 రకం నరాల కణాల మీద ఎక్కువ. అడినోసిన్ వచ్చి ఇందులో కూర్చోగానే కణం లోపల కబుర్లు మోసే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది. కాల్షియం లోపలికి రావడమూ తగ్గుతుంది. దాంతో ఒక నరం పక్క నరానికి పంపే సంకేతాలు మందగిస్తాయి. మనకు మత్తుగా ఉంటుంది.

ఏ2ఏ రకం రక్తనాళాల గోడల్లోనూ ఉంటుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది. అదే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. గోడలోని కండరం సడలి, నాళం వెడల్పవుతుంది. మనిషి ఒక్కరే అయినా పుట్టింట్లో ఒకలా, అత్తింట్లో ఒకలా ఉన్నట్టన్నమాట!

సీటులో కర్చీఫ్

మరి కాఫీ ఏం చేస్తుంది? బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతారు చూడండి, కాఫీలోని కెఫీన్ చేసేదీ అదే. తాను ఏ సంకేతమూ ఇవ్వదు, అడినోసిన్‌ను కూర్చోనివ్వదు. అందుకే మత్తు వదులుతుంది. మెదడులోని రక్తనాళాలు కాస్త సన్నబడతాయి. రోజూ ఇదే తంతు అయితే శరీరం అందుకు తగ్గట్టు సర్దుకుంటుంది.

హఠాత్తుగా కాఫీ ఆపేశారనుకోండి. కర్చీఫులన్నీ లేచిపోతాయి. అడినోసిన్ ఒక్కుమ్మడిగా వచ్చి కూర్చుంటుంది. నాళాలు వెడల్పై తలపోటు మొదలవుతుంది. ఆఖరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో ఇది మొదలై, సాధారణంగా 2 నుంచి 9 రోజుల్లో సర్దుకుంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

* కాఫీ మానాలనుకుంటే ఒక్కరోజులో మానొద్దు. డికాక్షన్ కొద్దికొద్దిగా పలచన చేస్తూ, కప్పులు తగ్గిస్తూ రండి.

* కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ కలిపి ఉంటుంది. అలాంటివి నెలలో పదిరోజులకు మించి, నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకోవచ్చు.

* శరీరంలో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం కాఫీ మానుకోవడం మేలు.

* గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి నెలల్లో, కెఫీన్ ఇంకా నిదానంగా పోతుంది. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోమని చాలామంది వైద్యుల సలహా. టీ, కోలా, చాక్లెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

* కొన్ని గుండె పరీక్షల్లో నాళాలు వెడల్పయ్యేందుకు అడినోసిన్‌నే ఎక్కిస్తారు. ముందుగా కాఫీ, టీ తాగొద్దంటే తప్పక పాటించండి. సీటులో కర్చీఫ్ ఉంటే మందు సరిగా పనిచేయదు.

అలాగని ప్రతి తలనొప్పినీ కాఫీ ఖాతాలో వేయొద్దు. ఉన్నట్టుండి భరించలేనంత నొప్పి వచ్చినా, చూపు మసకబారినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, గర్భిణికి తలనొప్పి తగ్గకపోయినా ఇంకో కప్పు కలుపుకుని ఊరుకోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.