ఒకే చెరువులో పొత్తు కుదురు చేపలు

పట్టణములలో గాజుతొట్టెలందు రంగు చేపలను పెంచువారు ఒక సంగతిని త్వరలోనే కనుగొందురు. కంటికి నచ్చిన చేపలనెల్ల తెచ్చి ఒకే తొట్టెలో వదలినచో నాలుగు నాళ్ళకు కొన్ని మాత్రమే మిగులును. కనుక ఏ చేప దేనితో కలిసి మెలగునో విచారించిన పిదపనే వారు క్రొత్తదానిని కొందురు. ఎకరముల కొలది నీరు గల ఊరచెరువులో పిల్లలను వేయునప్పుడు మాత్రము చాలచోట్ల ఈ విచారణ జరుగుట లేదు. దొరికిన పిల్లను దొరికిన ధరకు కొని వదలుచున్నారు. చెరువును వేలము పాటలో తీసుకొన్న రైతుకు ఏడాది చివర వలలో పడిన చేప ఒక్కొక్కప్పుడు పాట సొమ్ముకైనను చాలకపోవుటకు ఇదియొక ముఖ్య కారణము.

చేపల పొత్తు అనగా ఒకదాని నొకటి తినకుండుట మాత్రమే కాదు. ఒకదాని మేతను మరియొకటి లాగుకొనకుండుట కూడ. మొదటిది అందరికిని తెలిసినదే. రెండవది కంటికి కనబడదు గనుక దానివలన కలుగు నష్టము గుర్తింపునకు రాకుండ పోవుచున్నది.

నీటిలో మూడు అంతస్తులు

చెరువు నీరంతయు ఒకే బీడు కాదు. ఎండ బాగుగా తగులు పై నీటిలో కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలును, వాటిని తిని బ్రతుకు సూక్ష్మజీవులును పెరుగును. నడిమి నీటిలో పాచి, నానిన ఆకుల తునకలు తేలాడుచుండును. అడుగున బురదలో చచ్చిన నాచు, మడ్డి, పురుగులు చేరును.

చేప నోటిని చూచి అది ఏ అంతస్తులో మేయునో చెప్పవచ్చును. బొచ్చె నోరు వెడల్పుగా పైకి తెరచుకొని యుండును. అది పై నీటిలోని సూక్ష్మజీవులను తినును. శీలావతి పెదవులకు కుచ్చుల వంటి అంచు ఉండును. దీనినే కొన్ని తావుల రాగండి అందురు. ఇది నడిమి నీటిలో మేయును. మృగాల నోరు క్రిందికి తిరిగి యుండును. ఇది అడుగున మడ్డిని తిని బ్రతుకును. దీనికి ఎర్రమోసు అనియు పేరు గలదు. ఈ మూడును మన దేశపు నదులలో పుట్టినవే. ఒకే చెరువులో మూడు అంతస్తులను పంచుకొని తగవు లేకుండ జీవించును.

వీటికి తోడు పరదేశపు చేపలు మూడు మన చెరువులకు వచ్చినవి. వెండి చేప 1959లో జపాను నుండియు, గడ్డి చేప అదే సంవత్సరము హాంకాంగు నుండియు కటకమునకు తేబడినవి. మైదాన ప్రాంతములలో పెంచు బంగారు తీగ 1957లో బాంకాకు నుండి వచ్చినది. వెండి చేప మొప్పలలోని దువ్వెన మిక్కిలి సన్నము. గుడ్డతో వడగట్టినట్లు పై నీటిలోని సూక్ష్మమైన మొక్కలను పట్టి తినును. గడ్డి చేప నీటి కలుపును మేయును. బంగారు తీగ అడుగున బురదను తవ్వి పురుగులను, మడ్డిని తినును.

కోరిన చేప పిల్లను వేరుగా కొనగలుగుట కూడ ఒకప్పుడు లేదు. వరదలలో నదుల నుండి పట్టిన పిల్లలో మంచి చేపతో పాటు చేపలను తిను జాతులును కలిసి వచ్చెడివి. 1957లో ఒడిశాలోని అంగుల్ వద్ద డాక్టర్ హీరాలాల్ చౌధురి చేప మెదడు క్రింది గ్రంథి రసమును తల్లి చేపలకు సూది ద్వారా ఎక్కించి, వాటిచే గ్రుడ్లు పెట్టించుటలో విజయము పొందిరి. నాటి నుండి జాతివారీగా పిల్లను ఉత్పత్తి చేయు మార్గ మేర్పడినది. ఇట్టి అవకాశ ముండగా కలగాపులగపు పిల్లను కొనుట తెలివి గాదు.

ఒకే కంచములో చేయి పెట్టునవి

ఆరు జాతులును వేయవచ్చు ననగానే ఒక్కొక్కటి నిండుగా వేయరాదు. బొచ్చె, వెండి చేప రెండును పై నీటిలోనివి. వాటి మేత పూర్తిగా ఒకటి కాకపోయినను కొంత కలియును. వెండి చేప ఎక్కువైనచో బొచ్చె ఎదుగుదల తగ్గును. అట్లే మృగాల, బంగారు తీగ రెండును అడుగున మేయునవి. కనుక పిల్లలను జాతివారీగా గాక అంతస్తు వారీగా లెక్కింపవలెను. ఒక అంతస్తులో క్రొత్త జాతిని చేర్చినప్పుడు ఆ మేరకు పాతదానిని తగ్గింపవలెను.

ఏడాది పొడుగున నీరుండి, నాలుగైదు అడుగులకు తగ్గని లోతు గల చెరువునకు ఎకరమునకు నాలుగు అంగుళముల పొడవు గల పిల్లలు 2000 చాలును. మన మూడు జాతులనే వేయదలచినచో బొచ్చె 800, శీలావతి 600, మృగాల 600 వేయవచ్చును. ఆరు జాతులనును వేయదలచినచో బొచ్చె 300, వెండి చేప 300, శీలావతి 600, గడ్డి చేప 200, మృగాల 300, బంగారు తీగ 300 చొప్పున వేయవచ్చును. రెండు లెక్కలలోను మొత్తము ఒకటే యని గమనింపవలెను.

వెండి చేప త్వరగా పెరుగును గాని పట్టిన పిదప త్వరగా చెడును. సంత దూరమైన గ్రామములలో దానిని మాని, ఆ స్థానమును బొచ్చెకే యిచ్చుట మేలు.

నాచు గల చెరువు

మన ఊరచెరువులలో పెక్కింటికి నాచు బెడద గలదు. నాచు మనము వేసిన ఎరువును తాను తినును, వలను సాగనీయదు. పగలు ప్రాణవాయువును విడిచినను రాత్రివేళ తానును దానినే పీల్చును. అందుచేతనే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచుండును. ఇట్టి చెరువునకు గడ్డి చేప మంచి పాలేరు. అది దినమునకు తన బరువంత మేత తినగలదు. తిన్నదానిలో సగమునకు పైగా అరగక పడిపోయి చెరువునకు ఎరువగును. ఆ ఎరువుతో పై నీటిలో మేత పెరిగి బొచ్చెకు, వెండి చేపకు అందును. పొత్తు అనగా ఇదియే.

అయితే మూడు జాగ్రత్తలు కలవు. మొదటిది, దట్టముగా అల్లుకొన్న నాచును, గుర్రపుడెక్కను ముందు మనుష్యులచే తీయింపవలెను. గుర్రపుడెక్కను గడ్డి చేప నమ్మకముగా తినదు. రెండవది, నాచు తరిగిపోయిన పిదప గట్టు మీది గడ్డిని కోసి, వెదురు చట్రములో వేసి మేపవలెను. లేనిచో గడ్డి చేప ఆకలితో ఎదుగక నిలిచిపోవును. మూడవది, నాచు గల చెరువులో బంగారు తీగను మానుట మంచిది. మిగిలిన చేపలు నిలువ నీటిలో పిల్లలు పెట్టవు. బంగారు తీగ మాత్రము పెట్టును. జిగురు గల దాని గ్రుడ్లు నాచు ఆకులకే అంటుకొనును. ఒక ఏడాదిలోనే చిన్న పిల్లలు క్రిక్కిరిసి మేతనంతయు పంచుకొనును. పైగా అది గట్టు మట్టిని తవ్వును. గట్టు బలహీనమైన చోట దాని బదులు మృగాలనే 600 వేయవలెను.

పొత్తు కుదరనివి

కొర్రమీను, వాలుగ, జెల్ల, మార్పు అను చేపలు పిల్లలను తినును. పరిగె వంటి చిన్న చేపలు తినకపోయినను మేతను పంచుకొనును. 1952లో మన దేశమునకు వచ్చిన తిలాపియా చెరువులో విపరీతముగా పిల్లలు పెట్టి ఇతర చేపలకు చోటు లేకుండ చేయును. ఆఫ్రికా మార్పు పెంపకమును ప్రభుత్వము నిషేధించినది. ఎవరు తెచ్చి యిచ్చినను దానిని వేయరాదు.

చిన్న కుంటను ఎండగట్టి ఈ చేపలను తొలగింపవచ్చును. ఎండగట్ట వీలు కాని కుంటలో మూడడుగుల నీటికి ఎకరమునకు సుమారు 1000 కిలోల ఇప్పపిండి చల్లినచో అవి చచ్చి తేలును. పిదప మూడు వారములు ఆగి పిల్లలను వేయవలెను. త్రాగునీటి చెరువులోను, పశువులు త్రాగు చెరువులోను దీనిని వాడరాదు. పెద్ద సాగునీటి చెరువులో వీటిని పూర్తిగా తీయుట సాధ్యము కాదు. అక్కడ పలుమార్లు వల లాగి కొంతవరకు తీసి, నాలుగు అంగుళములకు తగ్గని పిల్లనే వేయవలెను. చిన్న పిల్లను వేయుట వాలుగకు మేత వేయుటయే.

కొల్లేటి పద్ధతి అందరికీ కాదు

కొల్లేరు పరిసరములలోని రైతులు తొలుత పలు జాతులను పెంచి, క్రమముగా శీలావతిని ఎక్కువగాను, బొచ్చెను తక్కువగాను వేయు పద్ధతికి వచ్చిరి. దూరపు సంతలలో శీలావతికి గల గిరాకీ ఇందుకు కారణము. అది చూచి ఊరచెరువు రైతులును శీలావతినే నిండుగా వేయుచున్నారు. కొల్లేటి రైతు తవుడును, నూనె తీసిన పిండిని రంధ్రములు గల సంచులలో నింపి, కఱ్ఱలకు కట్టి దినదినము మేపుచున్నాడు. అతని చేపకు కూడు సంచి నుండి వచ్చును. మేత వేయని ఊరచెరువులో చేపకు కూడు నీటి నుండియే రావలెను. అక్కడ ఒకే జాతిని నింపినచో నడిమి అంతస్తులో ఆకలి, పైనను అడుగునను మేత వృథా.

గ్రామాధికారులకు

పిల్లలను వేయుటకు జూలై, ఆగస్టు నెలలు అనుకూలమైనవి. పాట ఆలస్యమై చలికాలములో పిల్ల వేసినచో మంచి ఎదుగుదల కాలము తప్పిపోవును. కనుక వర్షములకు ముందే పాట ముగియునట్లు పంచాయతీలు చూడవలెను. తూముకును అలుగుకును సన్నని జల్లెడ తలుపులు ఉండవలెను. జల్లెడ లేని అలుగు మీదుగా గడ్డి చేప వరిమళ్ళలోనికి పోయినచో లేత పైరును మేసి తగవు తెచ్చును.

నెలకొకసారి చిన్న వల వేసి చూచినచో పొత్తు కుదిరినదో లేదో చేపయే చెప్పును. బొచ్చె తల పెద్దదై ఒడలు సన్నగిలి యున్నచో పై నీటిలో మేత చాలలేదన్న మాట. పశువుల పేడ ఎరువు వేయవలెను, లేదా వెండి చేపను కొంత పట్టివేయవలెను. మృగాల బక్కచిక్కినచో అడుగున రద్దీ యున్నది. అన్ని జాతులును ఒకే తీరున బలిసి యున్నచో రైతు వేసిన లెక్క సరియైనది. మరుసటి ఏడాదికి ఆ లెక్కనే పుస్తకములో వ్రాసి యుంచుకొనవలెను.