24 గంటలు దాటితే ఏ కోర్టుకి వెళ్ళాలి? హెబియస్ కార్పస్ ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మన కోనసీమ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. జిల్లా పేరు మార్పు మీద గొడవ, మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళకి నిప్పు, 144 సెక్షన్, తర్వాత వరుసగా అరెస్టులు, రోజుల తరబడి ఇంటర్నెట్ బంద్. ఎవరిది తప్పు అన్నది ఈరోజు టాపిక్ కాదు. ఇంట్లో కుర్రాణ్ని పోలీసులు తీసుకెళ్ళారు, ఎక్కడున్నాడో తెలీదు. అప్పుడు చట్టప్రకారం ఏం చేయొచ్చు? అది టాపిక్. తప్పు చేసినోడికైనా, చేయనోడికైనా రూల్ ఒకటే.

మొదట గడియారం చూడండి

రాజ్యాంగం 22వ ఆర్టికల్ ప్రకారం అరెస్టు చేసిన 24 గంటల్లోపు దగ్గర్లోని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. కోర్టుకి ప్రయాణం చేసిన టైమ్ మాత్రం లెక్కలోకి రాదు. పాత సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 57. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 58. అరెస్టు ఎందుకో ఆ మనిషికి చెప్పాలి, అది సెక్షన్ 47. ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలి, అది 48.

అందుకే ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు, ఏ బండిలో తీసుకెళ్ళారో వెంటనే రాసుకోండి. ఎస్పీ గారికి మెయిల్ పెట్టండి, దాని మీద టైమ్ పడుతుంది. టైమ్‌స్టాంప్ లేని లాగ్‌తో మేం బగ్ పట్టుకోలేం, కోర్టులోనూ అంతే. పక్క షాపు సీసీ కెమెరా ఫుటేజ్ కొన్ని రోజుల్లో చెరిగిపోవచ్చు, ముందే కాపీ తీసుకోండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫుటేజ్ భద్రపరచమని కోర్టుని అడగొచ్చు.

హెబియస్ కార్పస్ ఎలా వేస్తారు?

అంటే 'మనిషిని తీసుకొచ్చి చూపించు' అని. ఇది అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లో వేసేది కాదు. 226 ఆర్టికల్ కింద అమరావతిలోని హైకోర్టులో గానీ, 32 కింద సుప్రీంకోర్టులో గానీ వేయాలి. లోపలున్నోడే సంతకం పెట్టక్కర్లేదు. అమ్మ, అన్నయ్య, ఫ్రెండ్ ఎవరైనా అఫిడవిట్‌తో వేయొచ్చు. అందులో ఇందాక రాసుకున్న టైమ్, చోటు, పోలీసులకి పెట్టిన మెయిల్ అన్నీ ఉండాలి.

ఎక్కడ పనిచేయదు?

చాలామందికి తెలియనిది ఇదే. దీనికి మన ఆంధ్రాతో ముడిపడ్డ కేసే ఉంది. నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్ పార్వతీపురం కుట్ర కేసులో విశాఖ సెంట్రల్ జైల్లో ఉంటూ సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. అంతకుముందు డార్జిలింగ్‌లో తనని ఉంచిందే చట్టవిరుద్ధం అని కూడా వాదించాడు. మనిషిని ఎదురుగా నిలబెట్టకుండానే ఇలాంటి పిటిషన్ విచారించొచ్చని 1973లో కోర్టు చెప్పింది. 1974లో పిటిషన్ కొట్టేసింది. డార్జిలింగ్ సంగతి ఇప్పుడు తేల్చక్కర్లేదు, విశాఖలో ఉన్నది కోర్టు వారంట్ మీద, అది చెల్లుతుంది అంది.

అంటే మొదట్లో తప్పు జరిగినా, మధ్యలో ఒక కోర్టు ఆర్డర్ వచ్చేస్తే లెక్క మారిపోతుంది. మేజిస్ట్రేట్ రిమాండ్ వేశాక హెబియస్ కార్పస్ మామూలుగా నిలవదు. ఆ మేజిస్ట్రేట్‌కి అధికారమే లేకపోయినా, ఏమీ చూడకుండా యాంత్రికంగా సంతకం పెట్టినా తప్ప. ఈ మాట సుప్రీంకోర్టు 2012లో మనూభాయ్ రతిలాల్ పటేల్ కేసులో చెప్పింది.

కాబట్టి రిమాండ్ రోజే అసలు రోజు

రిమాండ్ అంటే ఏదో ఫార్మాలిటీ అనుకోకండి. లాయర్ అక్కడ ఉండాలి. ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా, కారణం చెప్పారా అన్నది మేజిస్ట్రేట్‌కి అప్పుడే చెప్పాలి, రికార్డు చేయమని అడగాలి. కారణాలు చెప్పకుండా చేసిన అరెస్టు చెల్లదని, తర్వాత ఛార్జిషీట్ వేసినంత మాత్రాన ఆ లోపం పోదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది దాటిపోతే బెయిల్ దారి. కేసుని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడగడం హక్కు. అయితే అడగాలి, దానంతట అది రాదు. ఛార్జిషీట్ పడేలోపే అడగాలి.

లాయర్‌కి డబ్బుల్లేవా? కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి. ఈ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి, ఇంట్లోవాళ్ళ ఫోన్లలో కూడా. నెట్ ఆపేసిన రోజు వెతుక్కోవడం కుదరదు కదండీ.