ముప్పావు గంట కోసం మూడు వందల కిలోమీటర్లు

రంజాన్ నెలలో రేషన్ కిట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక తల్లి కిట్ అందుకోకుండానే మమ్మల్ని అడిగింది: "సార్, వీడు నన్ను అమ్మీ అని ఎప్పుడు పిలుస్తాడు?" బాబుకు నాలుగేళ్లు. తండ్రి సౌదీలో ఉన్నాడు. అప్పటికే తావీజులు కట్టించారు, దర్గాలకు తిప్పారు. "ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు కదా, అందుకే మాటలు ఆలస్యం" అని పెద్దలు సర్దిచెప్పారు. అలా రెండేళ్లు గడిచిపోయాయి.

బాబుకున్నది ఆటిజం. ఇది మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. 1943లో లియో కానర్ అనే వైద్యుడు దీన్ని ప్రత్యేకంగా గుర్తించి రాశారు. తల్లి పెంపకం వల్ల గానీ, టీకాల వల్ల గానీ, రెండు భాషలు వినడం వల్ల గానీ ఇది రాదు. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడా కావలసినదాన్ని వేలితో చూపకపోవడం, వచ్చిన మాటలు పోవడం, బొమ్మకారుతో ఆడకుండా దాని చక్రాన్నే తిప్పుతూ కూర్చోవడం వంటివి కనిపిస్తే "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని ఊరుకోకూడదు.

పరులకు చెప్పేముందు మా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు, బెల్లు మోగితే చెవులు మూసుకుని అరిచేవాడు. మొండివాడనుకుని వెనక బెంచీలో కూర్చోబెట్టాం. బి.ఎడ్.లో చదివిన ప్రత్యేకావసరాల పిల్లల పాఠాన్ని పరీక్షతోనే వదిలేశాం కాబోలు.

ఇక ఖర్చు సంగతి. ఆటిజానికి ఆపరేషన్ లేదు, ఒక సీసా మందుతో అయ్యేదీ కాదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రత్యేక బోధన వారం వారం, ఏళ్ల తరబడి సాగాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. కానీ ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 160. ముప్పావు గంట థెరపీకి రెండు రోజులు పోతాయి. మహాలక్ష్మి పథకంతో ఎక్స్‌ప్రెస్ బస్సులో తల్లికి టికెట్ లేదు, నిజమే. బస, తిండి, ఆటో, థెరపీ ఫీజు మాత్రం ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఏ రశీదులోనూ కనిపించదు: బాబును చూసుకోవడానికి తల్లి కుట్టుపని మానేసింది. సొంత ఇల్లుంది, భర్త గల్ఫ్‌లో ఉన్నాడు అని ఇలాంటి ఇల్లు మన జాబితాల్లోకి ఎక్కదు. లోపల మాత్రం అప్పు పెరుగుతూ ఉంటుంది.

ప్రభుత్వపరంగా ఉన్నవి కొన్ని తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు అవకాశం ఉంది. థెరపీ ఖర్చుకూ అందులో కొంత వస్తుంది. మండలాల్లోని భవిత కేంద్రాలు, జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రం చాలామందికి పేరుకు కూడా తెలియవు. ఆ కాగితాలు నింపిపెట్టే మనిషి ఒకరు దొరికితే చాలు, సగం భారం దిగుతుంది.

దాతలకు మాదొక మనవి. మనకు కుట్టుమిషనో, మూడు చక్రాల బండో ఇచ్చి ఫోటో దిగడం అలవాటు. ఈ పిల్లలకు అలా ఒక్కసారి ఇస్తే సరిపోదు. నలుగురు దాతలు కలిసి ఒక బిడ్డ ఏడాది థెరపీని నెలనెలా భరించండి. అర్హత ఉన్న కుటుంబానికి జకాత్ నుంచి, లేనివారికి సదఖా నుంచి ఇవ్వవచ్చు. ఏది దేనికో ఆలిమ్‌లను అడిగి తేల్చుకుందాం. మధ్యలో ఆపేస్తే మాత్రం బిడ్డ నేర్చుకున్నది కూడా జారిపోవచ్చు.

వెనక బెంచీ అబ్బాయి తల్లి మొన్న బజారులో కలిసింది. ఆలస్యంగానైనా థెరపీ మొదలుపెట్టారట. ఒకరోజు అబ్బాయి కుండ వైపు వేలు చూపి "పానీ" అన్నాడట. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు.