అల్మరానే నడిచొస్తే!

ఉప్పు ఒక గదిలో, పప్పు మరో గదిలో, పోపుల డబ్బా మేడమీద... ఇక వంట ఎప్పటికవుతుంది? గోదాముల్లో పనిచేసేవాళ్ల కష్టం అచ్చం అలాంటిదే. ఆర్డరు పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడంతోనే పొద్దు గడిచిపోయేది.

ఆ తిరుగుడు ఎంత ఖరీదైందో మిక్ మౌంట్జ్‌కి బాగా తెలుసు. ఇంటికే సరుకులు పంపుతామంటూ అమెరికాలో హడావుడి చేసి 2001లో దివాలా తీసిన వెబ్‌వ్యాన్‌లో పనిచేశాడాయన. మనిషి అల్మరా దగ్గరకు వెళ్లే బదులు అల్మరానే మనిషి దగ్గరకు వస్తే? ఆ ఆలోచనతోనే 2003లో కివా సిస్టమ్స్ పుట్టింది. పొట్టి రోబో ఒకటి అల్మరా కిందికి దూరి, దాన్ని కాస్త పైకెత్తి, నేలమీది గుర్తులు చూసుకుంటూ సరుకు తీసే మనిషి ముందు నిలబెడుతుంది. పనయ్యాక పాత చోటికే వెళ్లాలనేం లేదు. బాగా అమ్ముడయ్యేవి దగ్గర్లో, గిరాకీ లేనివి ఓ మూలకి. పండక్కి గిరాకీ మారితే గోదాము తనంతట తానే సర్దుకుంటుంది. మన వంటిళ్లకు ఆ భాగ్యం ఎప్పుడో!

2012లో అమెజాన్ కివాను 77.5 కోట్ల డాలర్లకు కొనేసింది. 2025 నాటికి ఆ సంస్థ రోబోలు 10 లక్షలకు చేరాయి.

నడక తప్పింది సరే, మరి ఆ మనిషి సంగతి? అల్మరాలు వరసకట్టి వస్తుంటే నిలబడ్డచోటే గంటల తరబడి వంగడం, లేవడం. గంటకు 100 వస్తువులు తీసేచోట రోబోలొచ్చాక 400 దాకా తీయమన్నారనీ, ఆ గోదాముల్లోనే గాయాలు ఎక్కువనీ 2020లో 'రివీల్' అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ లెక్కలు కట్టిన తీరే సరికాదని అమెజాన్ వాదించింది.