పీకిన గ్రాఫ్ట్ నాటేలోపు చచ్చిపోకూడదంటే?

భద్రాచలంలో రాములవారికి తలనీలాలు ఇస్తాం కదా, గుండు చేయించుకున్నాక జుట్టు మళ్లీ ఎందుకొస్తుంది? కత్తి పైనున్న వెంట్రుకనే తీస్తుంది. ప్రాణమున్న కుదురు చర్మం లోపలే ఉంటుంది. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో అట్ల కాదు, ఆ కుదురునే బయటికి తీస్తారు. అదే గ్రాఫ్ట్. ఒక్కోదాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి.

బయటికొచ్చిన క్షణం నుంచి దానికి రక్తం లేదు, ఆక్సిజన్ లేదు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా మిర్చి వేసే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇది కొత్త కాదు. పీకిన నారు వేరు ఎండితే ఎంత మంచి చేలో పెట్టినా తేరుకోదు. గ్రాఫ్ట్‌కి కూడా పెద్ద శత్రువు ఎండిపోవడమే. ఏసీ గదిలో, గ్లవ్ మీద కొన్ని నిమిషాలు తడి లేకుండా ఉన్నా కణాలు దెబ్బతింటాయి.

అందుకే తీసిన వెంటనే చల్లటి సెలైన్‌లోనో, రింగర్ లాక్టేట్‌లోనో వేస్తారు. చల్లదనానికి కణం పని నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది. గడ్డకడితే మాత్రం కణం పగిలిపోతుంది. ఇంకో చిక్కుంది. చలిలో ఎక్కువసేపు ఉంటే కణంలో సోడియంను బయటికి తోసే పంపులు మందగించి, కణం ఉబ్బుతుంది. దాన్ని ఆపడానికే హైపోథెర్మోసాల్ లాంటి ద్రావణాలు. కొందరు ఏటీపీ కూడా కలుపుతారు. నన్నడిగితే రెండు మూడు గంటల పనికి ఖరీదైన ద్రావణం కన్నా తడి, చల్లదనం, పట్టుకునే తీరు ముఖ్యం. ఫోర్సెప్స్‌తో కుదురు గడ్డనే పట్టుకుంటే నలిగిపోతుంది, చుట్టూ ఉన్న కొవ్వును పట్టుకోవాలి.

1992లో అమెరికా డాక్టర్ లిమ్మర్ చల్లటి సెలైన్‌లో ఉంచి చూశారు. 2 గంటలకు 95 శాతం గ్రాఫ్ట్‌లు బతికాయి, 6 గంటలకు 86, 24 గంటలకు 79, 48 గంటలకు 54. చిన్న పరిశోధనే, కానీ గడియారం నడుస్తూనే ఉందని అర్థమవుతుంది.

అసలు ఇబ్బంది ఏంటంటే, పాడైన సంగతి ఆ రోజు కనిపించదు. మంచి గ్రాఫ్ట్‌ల వెంట్రుకలు కూడా మొదటి నెలలో రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు మొలుస్తాయి. ఫలితం తేలేసరికి ఏడాది. ఈలోపు తల వెనక ఉన్న స్టాక్ తగ్గిపోయింది. చచ్చిన గ్రాఫ్ట్ ముందూ లేదు, వెనకా లేదు.

యూట్యూబ్‌లోనో వర్క్‌షాప్‌లోనో చూసి నేర్చుకుంటే ఈ పనికి చాలదని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్లకే చెప్పింది. (నేనూ వీడియోలోనే చెప్తున్నా, నవ్వుకోండి.) మీకు హైదరాబాద్‌లో ఎవరైనా ఒక్కరోజులో 4,000 గ్రాఫ్ట్‌లు అని ఆఫర్ ఇస్తే మూడు అడగండి: తీసింది ఎంతసేపు బయట ఉంటుంది, దేంట్లో పెడతారు, నాటేది డాక్టరా, ఇంకెవరా?